చేట వెనుక నేల

నా నాలుక కింద పెన్సిలు పెట్టి వెతికిన మనిషికి పన్నెండేళ్ళ తరువాత నేనొక ఉత్తరం రాశాను. అందులో ఒక్క తిట్టు లేదు. ఒక పటం, నాలుగు కొలతలు, కింద నా సంతకం, అంతే. ఆ కొలతల్లో ఏ ఒక్కటీ తప్పు కాదు. వాటిని సరిగ్గా తీయడానికి నాకెంత కాలం పట్టిందో, ఎందుకు పట్టిందో ఇక్కడ రాస్తున్నాను.

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఆ పేరుతోనే ఉన్న రోజులవి. చొప్పదండికి ఉత్తరాన ఎర్ర దిబ్బల నడుమ ఒక వాగు ఉండేది. దాన్ని వాగు అనడం మర్యాదకే. వానాకాలంలో నెల రోజులు పారి, తక్కిన పదకొండు నెలలు ఉత్త ఇసుకగా పడి ఉండేది. ఆ ఇసుక కింద మూడడుగుల లోతున గులకరాళ్ళ పొర, ఆ పొరలో ఎర్ర కురువిందాలు. వాటిలో ఎక్కువ భాగం సానరాళ్ళ పొడికి తప్ప దేనికీ పనికిరావు. కొన్ని మాత్రం ఎండకు పట్టుకుంటే లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి. వాటినే కెంపులంటారు. నిర్మల్‌కు చెందిన ఒక పెద్దమనిషి ఆ నేలను కౌలుకు తీసుకుని తవ్వకాలు మొదలుపెట్టాడు. ఆయనను అందరూ మేనేజర్ సాబ్ అనేవారు. నేను ఆయన దగ్గర సూపర్‌వైజర్‌ను. గనుల చదువు పూర్తిచేసి వచ్చిన మొదటి ఉద్యోగం. వయసు ఇరవై ఆరు.

కురువిందం నీటికి నాలుగింతల బరువు. పలుగురాయి రెండున్నర ఇంతలకు కాస్త పైన. నీళ్ళుంటే వాటిని వేరుచేయడం సులువు: తట్టలో వేసి తిప్పితే తేలికది అంచు దాటిపోతుంది, బరువైనది అడుగున నిలుస్తుంది. కానీ ఆ దిబ్బల్లో నీళ్ళు లేవు. మైలున్నర అవతల ఊళ్ళో ఒక్క బావి. మేనేజర్ సాబ్ ఆ బావి నుంచి బండ్ల మీద పీపాలు తెప్పిద్దామన్నాడు. ఊరి పెద్ద ఒకడు వచ్చి, "మనుషులు తాగే నీళ్ళతోని రాళ్ళు కడుగుతరా సాబ్? జర మీరే చెప్పుండ్రి" అని నిలబడ్డాడు. మేనేజర్ సాబ్ పీపాల మాట మానుకున్నాడు.

ఇంకో దారి నేను చెప్పాను. నీరు చేసే పని గాలి కూడా చేస్తుంది. అయితే ముందు గింజలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి; అప్పుడే గాలి బరువును చదవగలదు. రెండు జల్లెడలు పట్టించాను. జొన్నగింజ కంటె పెద్దవి, చింతగింజ కంటె చిన్నవి మాత్రమే మిగిలాయి. వాటిని రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి, ఎందుకంటే చెమ్మ ఉన్న రాయి పక్క రాయికి అంటుకుని అబద్ధం చెబుతుంది. ఆ తరువాత చేట. చేటను ఎగరేసి పట్టినప్పుడు తేలికది ముందుకు జరిగి రాలిపోతుంది, బరువైనది వెనక్కి, పట్టుకున్నవాళ్ళ ఒడి వైపుకు చేరుతుంది. పుస్తకాల్లో ఇందుకు తిత్తులున్న యంత్రాల బొమ్మలుంటాయి. మా దగ్గర యంత్రం లేదు. పుట్టినప్పటి నుంచి చేట పట్టిన ఏడుగురు ఆడవాళ్ళు ఉన్నారు.

వాళ్ళకు పెద్ద ఒక ముసలామె. దొర గడిలో నలభై ఏళ్ళు బియ్యం చెరిగిన మనిషి. మొదటి రోజు ఏడుగురినీ గాలికి వీపు పెట్టి వరుసగా కూర్చోబెట్టి పని చెప్పాను.

"ఊరికె చెరగాలె, అంతే. చెయ్యి పెట్టి ఏమీ ఏరొద్దు. వెనక మిగిలింది మొత్తం ఈ డబ్బాల పొయ్యాలె. ఏరుడు నా పని."

"ఏరొద్దా?" అంది ముసలామె. "ఏరకుంటె గది చెరిగినట్టెట్లయితది సారూ? బుక్కల రాయొస్తె మీ అవ్వను మీ బాపు ఊకుంటడా?"

పక్కన ఉన్నవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఇది బియ్యం కాదు పెద్దవ్వా. ఇండ్ల అన్నీ రాళ్ళే."

"అన్నీ రాళ్ళే అయినంక ఇగ చెరుగుడెందుకు? మీ చదువు మంచిగున్నది" అని చేట అందుకుంది.

ఏరవద్దన్న నియమం దొంగతనం భయంతో పెట్టింది. మేనేజర్ సాబ్ పెట్టాడు. నా బల్ల వాళ్ళ వెనుక ముప్పై అడుగుల దూరంలో, దుమ్ము రాని వైపు, గుడారంలో ఉండేది. డబ్బాలు అక్కడికి వచ్చేవి. నేను భూతద్దం పెట్టుకుని నల్ల ఇసుకలో ఎర్ర రాయిని వెతికేవాణ్ణి. తల ఎత్తితే ఏడు వీపులు కనిపించేవి. తల ఎత్తే అలవాటు నాకు తక్కువ.

తవ్వకాలు మొదలయ్యే ముందు నేనొక పరీక్ష చేసి ఉన్నాను. ఒక ఘనగజం గులకను నా చేత్తో తీసి, క్యాంపు తాగునీటిలోంచి మిగిల్చిన రెండు పీపాల నీటితో, వాడిన నీటినే మళ్ళీ తేర్చి వాడుతూ కడిగాను. పదకొండు మంచి కెంపులు వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ తూచి, రంగు రాసి, నివేదిక ఇచ్చాను. ఆ నివేదిక చూసే మేనేజర్ సాబ్ ఏడుగురిని కూలికి పెట్టాడు.

చేటలతో మొదటి వారం ఘనగజానికి రెండు వచ్చాయి. రెండూ చిన్నవి. రెండో వారం ఒకటి.

మేనేజర్ సాబ్ గుడారంలోకి వచ్చి నా నివేదికను బల్ల మీద పరిచాడు. ఆయన కోపంగా మాట్లాడడు. తన దగ్గర పనిచేసేవాళ్ళ ముఖం చూడకుండా, వాళ్ళ చేతులు చూస్తూ మాట్లాడతాడు.

"పదకొండు అని నువ్వే రాసినవ్. నాకు గజానికి అందినయి మస్తంటె రెండు. తొమ్మిది యాడికి పోయినయ్? గాలికి కొట్టుకపోయినయా?"

"కురువిందం గాలికి పోదు సాబ్."

"గదే నేనంటున్న. మరి నీ లెక్క తప్పా, నీ చెయ్యి తప్పా? రెండిట్ల ఒకటి చెప్పు."

లెక్క తప్పని ఒప్పుకుంటే అక్కడితో అయిపోయేది. పరీక్ష గుంత అదృష్టం కొద్దీ మంచి చోట పడిందని, ఒక గుంతను చూసి అంచనా కట్టడం తొందరపాటని చెప్పి ఉండవచ్చు; ఏ కొత్త ఇంజనీరైనా అంటాడు. నేను అనలేదు. "నా లెక్క తప్పు కాదు" అన్నాను.

"అయితే బయటికి నడువు" అన్నాడు.

ఏడుగురు ఆడవాళ్ళను, తొమ్మిదిమంది తవ్వేవాళ్ళను పని ఆపి నిలబడమన్నాడు. నా టోపీ తీయించాడు. బూట్లు, మేజోళ్ళు, నడుము పట్టీ తీయించాడు. జేబులు బయటికి లాగించాడు. చివరికి "నోరు తెరువు" అన్నాడు. నా జేబులోంచి పడిన పెన్సిలు తీసుకుని, దాని మొనతో నా నాలుకను ఎత్తి, కింద చూశాడు. కుడి దవడ, ఎడమ దవడ చూశాడు. పశువుల అంగట్లో ఎద్దు పళ్ళు చూసేవాడు కూడా ముందు దాని మెడ నిమురుతాడు. ఆయన పెన్సిలును నా చొక్కాకు తుడిచి, తిరిగి నా జేబులోనే పెట్టాడు. ఆ సాయంత్రం చేతికిచ్చిన కాగితంలో నేను విశ్వాసపాత్రుణ్ణి కానని, ఏ గనిలోనూ నన్ను నమ్మవద్దని రాసి ఉంది.

మరునాడు పొద్దున నా పెట్టె మోసే బండి కోసం ఊళ్ళో ముసలామె ఇంటి అరుగు మీద కూర్చున్నాను. గులక ఎండలో ఆరే రోజు, చేటలవాళ్ళకు పని లేదు. నూకలు చెరుగుతూ నాకు ధైర్యం చెబుతోంది.

"ఫికర్ జెయ్యకు సారూ. నోట్ల ఏముండె? ఏం లేకపాయె. ఊరంత చూసిండ్రు గద."

ఆమె నా ముఖం చూస్తూ మాట్లాడుతోంది, చేటను చూడడం లేదు. అయినా ఆమె కుడిచెయ్యి నూకల్లోకి వెళ్ళి, రెండు వేళ్ళతో ఏదో పట్టి, కుడి భుజం పక్కనుంచి వెనక్కి విసిరింది. మాట తెగలేదు. కాసేపటికి మళ్ళీ విసిరింది.

"ఇప్పుడేం పారేసినవు పెద్దవ్వా?"

"నేనేం పారేసిన?" అంది. నిజంగానే తెలియక అడిగింది.

లేచి ఆమె వెనుక నేల చూశాను. నాలుగు మట్టిగడ్డలు, ఒక వడ్లగింజ, గోధుమరంగు రాయి ఒకటి పడి ఉన్నాయి.

బండిని గుంతల మీదుగా తోలించాను. మధ్యాహ్నం; తవ్వేవాళ్ళు నీడకు పోయారు, గుడారంలో మేనేజర్ సాబ్ అన్నం తింటున్నాడు. చేటల వరుస కూర్చునే చోటికి, నా బల్లకు నడుమ ఉన్న నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. వచ్చిపోయే పాదాల కింద ఇసుక గట్టిపడి ఉంది. జేబులోని పెన్సిలుతో గీకాను. ఒక చదరపు అడుగులో నాలుగు కెంపులు. మంచి రంగు, పెద్దవి.

అంతా ఒక్కసారిగా తేటపడింది. నల్ల ఇసుక, బూడిదరంగు గులక నిండిన చేటలో అన్నిటికంటె వేరుగా కనిపించేది ఎర్ర రాయి. చిన్నదైతే చెయ్యి గమనించదు. అది డబ్బాలోకి, నా బల్ల మీదికి వస్తుంది. పెద్దదైతే చెయ్యి ఊరుకోదు. చేటలో వేరుగా కనిపించినదాన్ని తీసి పారేయడమే ఆ చేతులు పసితనం నుంచి నేర్చిన పని. ఏరవద్దని నేను చెవులకు చెప్పాను. వేళ్ళకు చెప్పలేదు.

గుడారం ముప్పై అడుగుల దూరంలో ఉంది. నాలుగు రాళ్ళు అరచేతిలో పెట్టుకుని వెళ్ళి చూపిస్తే నా లెక్క నిజమవుతుంది, నా పేరు తిరిగివస్తుంది. ఆయనకు ఆ నేలలోని కెంపులన్నీ దొరుకుతాయి, నా పద్ధతితో, నా పదకొండుతో. నేను అరచేతిని, గుడారాన్ని కొంతసేపు చూశాను. నోటిలో ఇంకా పెన్సిలు సీసం రుచి ఉంది. రాళ్ళు నాలుగూ నేల మీద పెట్టి, మడమతో ఒక్కొక్కదాన్నే లోపలికి అదిమి, ఇసుక కప్పి, బండెక్కాను.

ఇంట్లో బాపు ఒకే మాట అడిగాడు: "తీసినవా?" "తియ్యలే" అన్నాను. ఆయన బడిపంతులు, ఇంకేమీ అడగలేదు. కానీ సాయంత్రం హోటలుకు పోయి నలుగురిలో కూర్చునే అలవాటు మానుకున్నాడు. నిజం ఆయనకు చెబితే మరునాడే నిర్మల్ పోయి, మేనేజర్ సాబ్ గడప ముందు నిలబడి కొడుకు పేరు అడిగేవాడు. అందుకే చెప్పలేదు. మూడేళ్ళకు ఆయన పోయాడు. ఆ మూడేళ్ళలో చెప్పాలనుకున్న రోజులను లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టని వాటిలో అదొకటి.

చేతిలో ఆ కాగితం ఉన్నవాడికి గనిలో పని దొరకదు. ఇచ్చోడ దగ్గర రోడ్డు పనిలో కంకర కుప్పలు కొలిచే పనికి కుదిరాను. రెండో ఎండాకాలంలో ఒక లారీ డ్రైవరు టీ తాగుతూ చెప్పాడు: "గా కెంపుల సాబ్ దుకాణం ఎత్తేసిండట. అండ్ల మట్టి తప్ప ఏం లేదట. ఇల్లు గూడ అమ్మిండట, పెద్ద పరేషాన్ల ఉన్నడు." నేను ఇంకో టీ చెప్పాను, అతనికి కూడా. ఆ రోజు కొలిచిన కుప్పలన్నిటినీ రెండుసార్లు కొలిచాను. మనసు సంతోషంగా ఉన్నప్పుడు చెయ్యి తప్పుతుంది.

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. ఓవర్సీయర్లు తక్కువై, పాత కాగితాలను ఎవరూ అడగని కాలం వచ్చింది. చిన్నతరహా చెరువుల పనిలో చేరాను. కొన్నేళ్ళకు నా బల్ల మీదికి వచ్చిన పటాల్లో ఆ వాగు ఉంది. చోటు నేను ఎంచలేదు. రెండు దిబ్బల నడుమ కట్ట వేస్తే నీరు నిలుస్తుందని అంతకు ముందే ఎవరో నిర్ణయించారు. మట్టాలు తీయడం, నీరు బయటికి వదిలే తూము గడప ఎత్తు ఖాయం చేయడం మాత్రం నా వంతు.

గుడారం గుంజల గుంతలు ఇంకా కనిపిస్తున్నాయి. వాటి నుంచి కొలిచి చేటల వరుసను గుర్తించాను. ఆ నేల పూర్తి నీటిమట్టానికి పద్నాలుగు అడుగుల దిగువన, తూము గడపకు రెండడుగుల కింద ఉంది. తూము పూర్తిగా ఎత్తినా అక్కడి నీరు పోదు. వరదతో వచ్చే ఒండ్రు మొదట పేరుకునేదీ అక్కడే. కట్టకు మట్టి కావాలి. చెరువు గర్భంలోంచే తీస్తారు. ఆ తవ్వకం గుంతలను నేను చేటల నేలకు రెండు వందల గజాల అవతల గుర్తించాను. ఎగువ మట్టి మేలని రాశాను. అది నిజం కూడా.

రెండు ఎండాకాలాలు కట్ట లేచింది. ఆ రెండేళ్ళలో ఏ రోజైనా ఆయనకు ఒక పోస్టుకార్డు రాసి ఉండవచ్చు. ఆ తరువాతి వానాకాలం చెరువు నిండి అలుగు పోసింది. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి పటం గీశాను: గుడారం, బల్ల, ఏడు చేటల వరుస, వాటి వెనుక ఎనిమిదడుగుల పట్టీ. పట్టీకి ఎర్ర సిరా వేశాను; కెంపులు వెతికినవాడికి ఆ రంగు చాలు. కింద మట్టాలు రాశాను. నిర్మల్‌లో ఆయన ఉంటున్న అద్దె ఇంటి చిరునామా ఆయన దగ్గర పనిచేసిన పాత జవాను ఒకడు చెప్పాడు.

తొమ్మిదో రోజు మేనేజర్ సాబ్ బస్సు దిగి వచ్చాడు. జుట్టు నెరిసింది, చొక్కా మెడపట్టీ తిప్పి కుట్టి ఉంది. కట్ట మీద నా పక్కన నిలబడి పటాన్ని నీటికి ఎదురుగా పట్టుకుని దిక్కులు సరిచూసుకున్నాడు. ఈసారి నా ముఖం చూసి మాట్లాడాడు.

"నీకిది ఎప్పుడు తెలిసింది?"

"మీరు నన్ను తీసేసిన మర్నాడు."

"అప్పుడే చెప్తే నీ పేరు మంచిగయ్యేది గద."

"అయ్యేది."

"చెప్పక నీకేమొచ్చింది?"

నేను నీటి వైపు చెయ్యి చూపించాను. అటు తిరిగాడు. నోరు కొంచెం తెరిచే ఉంది. లోపల చూడాలని నాకనిపించలేదు. పటాన్ని మడతల మీదే సరిగ్గా మడిచి నాకివ్వబోయాడు. "మీకోసమే గీసిన సాబ్, ఉంచుకోండ్రి" అన్నాను. రోడ్డు దాకా ఆయన నడిచిపోయిన దూరమంతా నేను చూశాను. పన్నెండేళ్ళు మోసినదానికి అది సరిపోయింది. ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు.

కట్ట లోపలి వాలుకు నీటి అంచుకు పైన రాళ్ళు పేర్చే కూలీల్లో ముసలామె ఉంది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. తట్ట దించి పైకి వచ్చింది.

"గా సాబే గద? గుర్తువట్టిన. ఏమంటడు?"

చెప్పాను. ఎవరికీ చెప్పనిదాన్ని మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. తన కుడిచేతిని తిప్పి చూసుకుంది.

"మేమే పారేసినమా?"

"మీరే. తెల్వక."

"నువ్వు పోయినంక ఏడాదిన్నర మమ్ములను వరుసగ నిలవెట్టిండు సారూ. దినాం. కొప్పులు ఇప్పించిండు. నోర్లు తెరిపించిండు. మా చిన్నకోడలు బాలింత, దాని రైక గూడ దులిపించిండు. అది వారం దినాలు ఎవలతోటి మాట్లాడలే."

ఆ సంగతి నాకు తెలియదు. కనుక్కోవాలని ఎప్పుడూ అనుకోలేదు. నా తరువాత ఆయన ఎవరి నోటిలో వెతుకుతాడో ఊహించడానికి గనుల చదువు అక్కరలేదు.

"నీకు మర్నాడే తెల్సు" అంది ఆమె. అడగడం కాదు, లెక్క సరిచూసుకోవడం. "దుకాణం ఎత్తేసినంకనన్న మా చెవుల ఒక్క మాట ఏస్తె, మేం ఏడుగురం పొయి ఏరుకుందుము గద. పారేసిన చేతులే గద."

ఆమె నీళ్ళ వైపు తిరిగింది.

"పోనియ్. ఎండకాలం నీళ్ళు దిగుతయ్ గద, అప్పుడు ఏరుకోవచ్చునా?"

"దిగవు పెద్దవ్వా. ఆ జాగ తూముకు కిందున్నది."

"తూము ఎవలు పెట్టించిండ్రు గాడ?"

"నేనే."

ఆమె తలూపి, తట్ట ఎత్తుకుని వాలు దిగిపోయింది. ఆ తరువాత ఆ పని పూర్తయ్యేదాకా, నాలుగు నెలలు, నన్ను సారూ అని పిలవలేదు, ఏమనీ పిలవలేదు.